పది కొవ్వొత్తుల భయం కథ: దీపాలు ముందే ఆరిపోతుంటే?

గబ్బిలం7:
టెన్ క్యాండిల్స్ (పది కొవ్వొత్తుల వెలుగులో బల్ల చుట్టూ కూర్చుని, పాత్రలుగా మారి పాచికలతో ఆడే భయం కథల ఆట) ఆడేవాళ్లకు ఒక ప్రశ్న. కథకుడు కాక నలుగురు ఆటగాళ్లు. మొదటి గంటలోనే ఆరేడు దీపాలు పోతే, భయం పట్టుకునేలోపే కథ అయిపోతుంది. ఎక్కడ సరిచేయాలి?

చీకటిగది:
పాచికలు అతిగా వేయిస్తే అలాగే అవుతుంది. తలుపు తీయడానికి, మెట్లు దిగడానికి పాచికలు అక్కర్లేదు. ఓడితే కథ మారిపోయే చోటే వేయించండి. వేసిన వాటిలో ఒక్క ఆరైనా పడితే గెలుపు, పడకపోతే ఒక దీపం ఆర్పి సన్నివేశం ముగించాలి. ఎన్ని దీపాలు మిగిలితే అన్ని పాచికలతోనే తర్వాతి సన్నివేశం మొదలవుతుంది. లెక్క చూడండి: పది పాచికలు వేస్తే ఒక్క ఆరు కూడా పడకపోయే అవకాశం సుమారు 16 శాతం. ఐదైతే 40, మూడైతే 58, ఒక్కటే అయితే 83. పైగా ఒకటి పడ్డ పాచిక ఆ సన్నివేశం అయ్యేదాకా పక్కకు పోతుంది. పదితో మొదలుపెట్టినా నాలుగుసార్లు వేసేసరికి సగటున సగం కూడా మిగలవు.

మూడోజాము:
పాత్ర గుణాలు రాసి దొంతరగా పెట్టుకునే చీటీలు కాల్చడం చాలామంది మరిచిపోతారు. ఒకట్లు పడ్డ పాచికల్ని మళ్లీ వేసుకోడానికే అవి ఉన్నది. దొంతరలో పైనున్న చీటీనే కాల్చాలి, అందులోని గుణం ఆ క్షణంలో పాత్ర చేసే పనిలో కనబడాలి. "మంచివాడు" అని రాస్తే కాల్చే సందర్భం దొరకదు. "మొండి" అని రాయండి, ప్రతి సన్నివేశంలోనూ దొరుకుతుంది.

గబ్బిలం7:
ఫ్యాన్ వేసుకోవచ్చా?

చీకటిగది:
వద్దు. గాలికి ఆరినా ఆరినట్టే లెక్క. సన్నివేశం అక్కడితో సరి, ఆ దీపం మళ్లీ వెలిగించకూడదు. టీ లైట్లు పదీ ఒకే ప్యాకెట్‌వి తీసుకోండి, నాలుగు గంటలు వెలిగేవి. రెండు గంటల రకం అయితే ఆట సగంలో వాటంతటవే ఆరిపోతాయి. చీటీలకు పల్చటి కాగితం మేలు, అట్టముక్కలు పొగ చిమ్ముతాయి. లోతైన పింగాణీ గిన్నె, అడుగున నీళ్లు. పొగ అలారం ఉన్న గదైతే చీటీ చించి ఆ నీళ్లలో వేసినా చాలు.

ఆరోవేలు:
అసలు చిక్కు కథకుడి దగ్గర ఉంటుంది. ఎవరైనా కావాలని ప్రాణత్యాగం చేస్తే తప్ప, ఒక్క దీపం మిగిలేదాకా పాత్రలు చావవు. ఆ సంగతి బల్ల చుట్టూ అందరికీ తెలుసు. కాబట్టి ఐదో దీపం దగ్గర "చస్తావు" అని బెదిరిస్తే ఎవరూ భయపడరు. చావు బదులు ఇంకేదైనా లాక్కోండి: టార్చి బ్యాటరీ, వెనక్కి వెళ్లే దారి, పక్కవాడి మీద నమ్మకం. పాత్రల్ని తరుముతున్నది ఏమిటో ఏడో దీపం ఆరేలోపు పూర్తిగా చూపించకండి, దాని చప్పుడు చాలు.

మూడోజాము:
ఇంకొకటి. ఎవరికి ఏ విషయం వద్దో వెలిగించకముందే అడిగి రాసుకోండి. బల్ల మధ్యలో ఎక్స్ కార్డు (ఎక్స్ గుర్తు రాసిన చీటీ) పెట్టండి. ఎవరైనా దాన్ని తాకితే కారణం అడగకుండా ఆ ముక్క తీసేసి ముందుకెళ్లాలి.

గబ్బిలం7:
ఆట మొదట్లో పాత్రల గొంతుతో రికార్డు చేసే ఆఖరి మాటల సంగతి?

ఆరోవేలు:
ఒకే ఫోన్‌లో, ఒక్కొక్కరివి వరసగా. శబ్దం సరిపోతుందో లేదో అప్పుడే విని చూసుకోండి. తర్వాత ఫ్లైట్ మోడ్‌లో పెట్టి బోర్లించండి. చివరి దీపం ఆరాక ప్లే నొక్కి వెంటనే మళ్లీ బోర్లించాలి, తెర వెలుగు పడితే ఆ చీకటి పోతుంది.