కొత్త సీల్ కిట్ వేసినా ఆర్మ్ సిలిండర్ రాడ్ దగ్గర ఆయిల్ ఆగట్లేదు

క్వారీ_బండి:
అందరికీ నమస్తే. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీలో మాకు 20 టన్నుల ప్రొక్లెయిన్ తిరుగుతోంది. బండి చేతిని ఆడించే ఆర్మ్ సిలిండర్ కారుతోందని సీల్ కిట్ మొత్తం మార్పించాం, వారం తిరక్కుండానే మళ్లీ మొదలు. రాడ్ బయటికొచ్చినప్పుడల్లా ఒక పక్కన మాత్రమే సన్నగా గీతలాగా ఆయిల్ వస్తోంది, దుమ్ము ఆపే బయటి డస్ట్ సీల్ కూడా కొంచెం పైకి లేచింది. మెకానిక్ ఏమో కిట్టే డూప్లికేట్ అంటాడు, షాపతనేమో మీవాడికి వేయడం రాలేదంటాడు, మధ్యలో నేను. ఈసారి దగ్గరుండి చేయిద్దామనుకుంటున్నా, ఏమేం చూసుకోవాలి? ఇంకో డౌట్, పిస్టన్ మీది టెఫ్లాన్ రింగుని మరిగే నీళ్లలో వేసి ఎక్కించాలంటారు, నిజమేనా?

ఆటోనగర్_లేత్:
విప్పాక ఆ రాడ్ సీల్ పారెయ్యనివ్వకండి, సగం సంగతి అదే చెప్పేస్తది. నాసిరకం సీల్ అయితే చుట్టూ గట్టిపడి పగుళ్లొస్తాయి, ఒకచోటే కారుతోందంటే లిప్, అంటే రాడ్‌ని ఆనుకునే సీల్ అంచు, అక్కడ తెగుండాలి, లేదా రాడ్ మీద నిలువు గీతైనా ఉండాలి. రాడ్ శుభ్రంగా తుడిచి గోరు పెట్టి చుట్టూ అడ్డంగా లాగి చూడండి. గోరుకి తగిలిందంటే ఎంత మంచి కిట్ వేసినా కారుద్ది. చిన్న గాటైతే ఆయిల్‌స్టోన్‌తో అంచు తీసెయ్యొచ్చు, లోతుగా ఉంటే హార్డ్ క్రోమ్ పూతకి పంపాల్సిందే. డస్ట్ సీల్ లేచిందంటారా, రాడ్ సీల్ దాటొచ్చిన ఆయిలే దాన్ని వెనకనుంచి తోసింది, దాని తప్పేం లేదు.

రాడ్ బాగుంటే నా అనుమానం బిగించేటప్పటి మీదే. గ్లాండ్‌ని, అదే రాడ్ సీల్ కూర్చునే సిలిండర్ మూతని, రాడ్‌కి పిస్టన్ వైపు నుంచి ఎక్కిస్తారు కదా, అక్కడ నట్టు మరలు, పిస్టన్ కూర్చునే మెట్టు అంచు ఉంటాయి, ఆ అంచు దాటేటప్పుడే లిప్ చీరుకుపోద్ది, బయటికి ఏమీ కనపడదు. మేమైతే 2 లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ నిలువుగా కోసి ఆ షీటు మరల మీద చుట్టి, హైడ్రాలిక్ ఆయిల్ రాసి, దాని మీదుగా గ్లాండ్ జరిపి తర్వాత షీటు లాగేస్తాం.

గ్లాండ్ లోపల సీల్ పెట్టేటప్పుడు స్క్రూడ్రైవర్ ముట్టుకోనివ్వద్దు. యూ సీల్‌ని, అంటే యూ ఆకారంలో ఉండే ఆ రాడ్ సీల్‌ని, వేళ్లతో జీడిపప్పులా మడిచి గాడిలోకి దించి వదిలితే అదే విచ్చుకుని కూర్చుంటది. యూ నోరు ప్రెషర్ వైపు, అంటే పిస్టన్ వైపు చూడాలి, డస్ట్ సీల్ లిప్ బయటికి చూడాలి. గ్లాండ్ బయటి గాడిలో ప్రెషర్ వచ్చే వైపు ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు), దాని వెనక ఆసరాగా గట్టి బ్యాకప్ రింగ్. ఇది తిరగేసి వేస్తే ఓ-రింగ్ సందులోకి నలిగి ముక్కలు ముక్కలుగా వస్తది.

కరీంనగర్_ఆపరేటర్:
అన్నా, సీల్ ఒక్కటే చూడకు, రాడ్‌ను నడిమధ్యల పట్టి ఉంచే వేర్ రింగులు గూడ చూడు. గవి అరిగినయంటే రాడ్ ఒక పక్కకు వాలుతది, ఆ పక్క సీల్ నలుగుతది, ఇంకో పక్క సందు పడుతది. ఆర్మ్ పిన్ను బుష్షులు లూజుంటే గూడ గదే కథ. మొన్న మా దగ్గర ఒకాయన కిట్ల మీద కిట్లు మార్చిండు, పిన్ను దిక్కు మాత్రం చూడలే.

పాతమెకానిక్:
టెఫ్లాన్ రింగ్ సంగతి ఎవరూ చెప్పలేదు. వేడి చెయ్యాలన్నది నిజమే, చల్లగా ఉంటే సాగదు, బలవంతం చేస్తే సొట్ట పడుద్ది. నేను నీళ్లకంటే హైడ్రాలిక్ ఆయిలే వాడతా, గాడిలో తేమ మిగలదు. ముందు కింద ఓ-రింగ్ మెలిక పడకుండా వేసి, దాని మీద వేడి రింగుని చుట్టూ సమానంగా సాగదీసి ఎక్కించాలి. అసలు పొరపాటు ఆ తర్వాతే జరుగుద్ది, సాగిన రింగుతోనే పిస్టన్‌ని బ్యారెల్లోకి (సిలిండర్ గొట్టంలోకి) కొట్టేస్తారు, బ్యారెల్ మూతి దగ్గర అది కత్తిరించుకుపోద్ది. ఇంజన్ పనికి వాడే పిస్టన్ రింగ్ కంప్రెసర్ చుట్టి, బిగించి, చల్లారేదాకా వదిలెయ్యండి, అప్పుడు సైజుకొస్తది. పాలియురేథేన్ సీల్‌ని మాత్రం మరిగే నీళ్లలో నానబెట్టొద్దు, గోరువెచ్చని ఆయిల్లో కాసేపు ఉంచితే చాలు మెత్తబడుద్ది.

క్వారీ_బండి:
థ్యాంక్స్ అందరికీ. గోరు పెట్టి చూశా, రాడ్‌కి ఏమీ తగల్లేదు, పిన్ను మాత్రం కొంచెం ఆడుతోంది. రేపు విప్పుతున్నాం. పిస్టన్ రాకపోతే ఎయిర్ కంప్రెసర్ పెట్టి కొడతా అంటున్నాడు మావాడు, పర్లేదా?

ఆటోనగర్_లేత్:
అస్సలొద్దండి! గాలి నొక్కుకుని ఉండి ఒక్కసారి వదిలితే రాడ్ తూటాలా ఎగిరొస్తది, ఎదురుగా మనిషుంటే అంతే సంగతులు. ఆయిల్ వచ్చిపోయే రెండు పోర్టులూ తెరిచి, బ్యారెల్‌ని గట్టిగా కట్టి, రాడ్‌ని చైన్ బ్లాకుతో నిదానంగా లాగండి. పైపులు విప్పే ముందు ఆర్మ్ నేల మీద ఆనించి, ఇంజన్ ఆపి, లివర్లు అటూ ఇటూ ఆడించి ప్రెషర్ పోగొట్టాలి, ఇది మర్చిపోవద్దు.

బిగించాక కూడా వెంటనే రాయి మీదకి తోలకండి. ఇంజన్ స్లోలో, లోడ్ లేకుండా, చివరిదాకా కొట్టకుండా ఆర్మ్ నెమ్మదిగా ఆడించాలి. లోపల గాలి ఉండగా ఫుల్ ప్రెషర్ పడితే ఆ గాలి నలిగి ఆయిల్ ఆవిరితో కలిసి అంటుకుంటది, కొత్త సీల్ అంచులు మాడి నల్లబడతాయి. గాలంతా పోయాక ట్యాంకులో ఆయిల్ లెవెల్ చూసి, తగ్గితే పోయండి. పిన్ను ఆడుతోందన్నారుగా, ఎలాగూ బండి ఆగింది కాబట్టి బుష్షు కూడా రేపే మార్పించెయ్యండి.