పత్తి ధర మీద కోపం ఓట్ల దాకా ఎందుకు పోతలేదు?

నమస్తే. మాది వరంగల్ దగ్గర పల్లె, పత్తే పెద్ద పంట. 2025 ఆగస్టులో మోదీ సర్కారు విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసి, డిసెంబరు 31 దాకా పొడిగించింది. సరిగ్గా మన పత్తి ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే కాలం! ఆ 2025-26 సీజన్‌ల పొడుగు పింజకు మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు ఉండె. కానీ సీసీఐ (మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సర్కారు సంస్థ) తేమ 12 శాతం దాటితే కొనదు. మిషన్ పత్తిలో గుచ్చి, అంకె చూసి, "ఆరబెట్టి తీస్కరాండ్రి" అన్నరు. ఆ వానల్ల యాడ ఆరబెట్టాలె? ప్రైవేటు వ్యాపారి చెప్పిన రేటుకే ఇచ్చినం.

2016 నోట్ల రద్దు, 2017 జీఎస్టీ అప్పుడూ ఊరంతా తిట్టింది. అయినా 2019 లోక్‌సభ ఎన్నికల్ల బీజేపీకి 303 సీట్లు, కాంగ్రెస్‌కు 52. 2024లో బీజేపీ 240కి దిగినా కాంగ్రెస్ 99 కాడనే ఆగింది. పత్తి పండే ఆదిలాబాద్‌లోనూ బీజేపీయే. ఇక్కడ రాష్ట్రంలో కాంగ్రెస్సే ఉంది, అది వేరే ముచ్చట.

పోలింగ్ బూత్‌లల్ల పనిచేసినోళ్లు, ఏ పార్టీ అయినా సరే, చెప్పండి: ప్రతిపక్షం ఎక్కడ తప్పుతున్నది? అభ్యర్థా, ప్రచారమా, మోదీకి ఎదురుగా మనిషి లేకపోవడమా? పార్టీ భజన వద్దు.

ఇంకోటి, సీసీఐకి పత్తి అమ్మేటందుకు స్లాట్ బుక్ చేసే కపాస్ కిసాన్ యాప్‌లో, ఒకసారి పత్తి వాపసు పంపినంక స్లాట్ మళ్లీ ఎట్ల దొరుకుతది?