సమస్యాపూరణం: "మ్రింగినంతఁ జచ్చె మృగము తానె"

పద్యప్రియ: అందరికీ నమస్కారం. ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం, దానికి అతికేలా పై మూడు పాదాలు మీరు రాయాలి. పురాణమైనా జానపదమైనా, ఏ దేశం కథైనా పర్లేదు, కానీ ఆ మృగం మింగడం వల్లే చావాలి, బాణం తగిలో కత్తి పడో చస్తే పూరణ కుదిరినట్టు కాదు.

గోదారిగట్టు: గురువు గారూ, భాగవతం దశమస్కంధంలో కేశి వధ.

కంసుఁ డంప వచ్చె ఘనహయంబై కేశి
వాని నోటఁ గృష్ణబాహు వుబ్బె
ఊపి రాడ దయ్యె నొడలెల్లఁ జెమటలే
మ్రింగినంతఁ జచ్చె మృగము తానె

పద్యప్రియ: భేష్ అండీ, యతులన్నీ పడ్డాయి, ఆ చెమటలు భాగవతంలో ఉన్నవే, పట్టుకొచ్చారు. ఒక్క లోటు, కృష్ణుడు తనంతట తానే ఎడమ చెయ్యి దాని నోట్లో దూర్చాడు, కాలిన ఇనుము తగిలినట్టు పళ్ళు రాలిపోయాయి, ఆ తెగువ పద్యంలో కనబడాలి కదా. "వాని నోటఁ బెట్టు బాహు వుబ్బె" అనండి, పేరు పోయినా కేశి అన్నాక ఎవరో తెలిసిపోతుంది.

చిట్టిపద్యం: గ్రీకు వీరుడు హెరాకిల్స్ చంపిన నెమియా సింహం మీద రాయొచ్చా సార్?

పద్యప్రియ: కుదరదమ్మా, దాని తోలులోకి బాణాలు దిగవని గొంతు నులిమి చంపాడు, అది మింగిందేమీ లేదు. అతని పన్నెండు పనుల్లో మొదటిది, గొప్ప కథ, ఇంకో సమస్యకి దాచుకో.

విస్తులాతీరం: నేను పోలండ్‌లో ఉంటానండీ, ఇది క్రాకోవ్‌లో వావెల్ కొండ కింద గుహలో ఉండే డ్రాగన్ కథ.

గొఱ్ఱె తోలులోనఁ గూరిరి గంధకం
గుహ యెదుటను బెట్టఁ గొండచిలువ
దప్పి వోక యేటి దరిఁ జేరి నీరెల్ల
మ్రింగినంతఁ జచ్చె మృగము తానె

ఛందోబాల: అన్నా, అదిరింది! "నీరెల్ల" మూడో పాదం చివర ఆపి "మ్రింగినంత"కి కలిపారు చూడండి, సమస్య అతికించినట్టు లేదు, పద్యంలోంచే వచ్చినట్టుంది. "గంధకం" మాత్రం వ్యావహారికం, "గూరి గంధకమును" అంటే గణాలూ సరిపోతాయి. కొండచిలువ గొర్రెని మింగినట్టు కూడా ఒక మాట పడితే బావుండేది, ఇప్పుడది ఊహించుకోవాల్సి వస్తోంది.

విస్తులాతీరం: మార్చేస్తానండీ. పాత కథలో ఈ పని చేసింది క్రాక్ రాజు కొడుకులు, వాళ్ళ బదులు చెప్పులు కుట్టే కుర్రాడు తర్వాతి కథల్లో వచ్చాడు, అందుకే "కూరిరి" అన్నా, "కూరి" అంటే ఆ చిక్కు కూడా ఉండదు.

పద్యప్రియ: అఘాసురుణ్ణి ఇంకా ఎవరూ ముట్టుకోలేదేంటండీ? కృష్ణుడు ఆ పాము గొంతులో పెరిగి ఊపిరాపేస్తాడు, ఈ పాదానికి అంతకన్నా అతికే కథ నాకు తోచడం లేదు, రేపటిదాకా టైముంది, రాయండి.