సర్వేకు కూర్చున్న పూటకు కూలి ఇవ్వాలా?

ఎర్రనేల (అనంతపురం)
ఉపాధి హామీ కూలీల కుటుంబాల తిండి, అప్పుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. నా ప్రశ్నావళి పూర్తి చేయడానికి గంటన్నర పడుతుంది. ఈ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మా జిల్లాలోని బండ్లపల్లిలోనే. అందుకే కాగితాలు పట్టుకుని ఊళ్లోకి వచ్చేవాళ్లు ఇక్కడివారికి కొత్త కాదు. ఈమధ్య పని జరిగే చోట ఒక పెద్దావిడ నన్ను సూటిగా అడిగింది: "అడిగిందంతా చెబుతాను నాయనా, ఈ పూట నా కూలి ఎవరిస్తారు?" డబ్బిస్తే సమాచారం చెడిపోతుందని మా గైడు గారి అభిప్రాయం. నాకు మాత్రం ఇవ్వాలనే ఉంది. అనుభవం ఉన్నవారు చెప్పండి.

గణాంకం (కర్నూలు)
ఇవ్వకండి. కరవు మండలాల్లో ఎవరు వచ్చి వివరాలు రాసుకున్నా పరిహారం కోసమో, పింఛను కోసమో అనుకుంటారు. ఉన్న పొలం తగ్గించి, అప్పు పెంచి చెప్పడం అక్కడే మొదలవుతుంది. దానికి తోడు డబ్బు కూడా చేతిలో పెడితే, మీరు ఏం వినాలనుకుంటున్నారో అదే చెబుతారు. ఇంకో చిక్కు పక్కింటివాళ్లతో. నమూనాలో పేరు వచ్చిన ఇంటికి ఇచ్చి, రాని ఇంటికి ఇవ్వకపోతే, మీరు బస్సెక్కాక ఆ వీధిలో తగవు మిగులుతుంది.

పరిశోధన వల్ల కూలీకి ఒరిగేదేమీ లేదని కూడా అనుకోవద్దు. ఉపాధి కూలి, పింఛన్లు స్మార్ట్‌కార్డు ద్వారా ఇచ్చే పద్ధతిని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ ఉమ్మడి రాష్ట్రంలోని 8 జిల్లాల్లో పరిశీలించి 2016లో ప్రచురించారు. కర్నూలు, అనంతపురం, కడప మూడూ వాటిలో ఉన్నాయి. ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీతో నిర్ణయించారు. కూలి త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యే సొమ్ము తగ్గింది. లబ్ధిదారుల్లో అత్యధికులు కొత్త పద్ధతే కావాలన్నారు. ఇంటింటికీ వెళ్లి అడగకపోతే, పాత పద్ధతిలో సొమ్ము తిన్నవాళ్ల ఫిర్యాదులే అధికారుల చెవిన పడేవి.

నల్లరేగడి (కోసిగి)
గణాంకం గారూ, ఆ సర్వే విలువ నాకు తెలుసు. కొన్నేళ్లు ఇన్వెస్టిగేటరుగా ఊళ్లు తిరిగినదాన్ని. అందుకే మీతో ఏకీభవించలేను.

ఉపాధి పనికి 2025-26లో మన రాష్ట్రంలో ప్రకటించిన కూలి రోజుకు 307 రూపాయలు. అది పనికి వచ్చిన ప్రతి ఒక్కరికీ అలాగే చేతికి రాదు. గ్రూపు తవ్విన మట్టిని కొలిచి, ఆ కొలతను బట్టి లెక్క కడతారు. ఒకామె గంటన్నర సేపు గట్టు మీద కూర్చుంటే ఆమెకే కాదు, గ్రూపు మొత్తానికీ కొలత తగ్గుతుంది. గ్రూపు పని చూసే మేట్ పిలుస్తుంటాడు, తోటివాళ్లు చూస్తుంటారు. ఆ సమయంలో మనం "పోయిన ముప్ఫై రోజుల్లో కందిపప్పు ఎంత వాడారు, నూనె ఎంత, చింతపండు ఎంత" అని అడుగుతాం. ఎలాగోలా వదిలించుకోవాలని నోటికొచ్చిన అంకె చెబుతుంది. సమాచారం చెడిపోయేది ఇక్కడ. ఆ పూట కూలికి భరోసా ఉంటే ఆమె కాస్త ఆలోచించి చెబుతుంది.

డబ్బు అబద్ధాన్ని పుట్టిస్తుందన్న భయం నిజమే అయితే, ముందు ఇన్వెస్టిగేటర్లకు ఫారానికి ఇంత అని ఇచ్చే పద్ధతి మానుకోవాలి. సాయంత్రానికి ఫారాల లెక్క చూపించాల్సిన కుర్రవాడు ప్రశ్నలు దాటేయడం, నిన్నటి ఇంటి జవాబులే ఈ ఇంటికీ రాసేయడం కళ్లారా చూశాను. ఆ నష్టం గురించి సమావేశాల్లో ఎవరూ మాట్లాడరు.

తాళం వేసిన ఇళ్ల సంగతి కూడా చూడండి. మిరప కోతల కాలంలో మా వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు వెళ్లిపోతాయి. అప్పుడు సర్వే చేస్తే దొరికేది ఇంట్లో ఉండగలిగినవాళ్లే. ఊళ్లోనే ఉన్నా పని వదులుకోలేనివారు "తర్వాత రండి" అంటారు. నిరుపేదలు ఇలా జాబితాలోంచి జారిపోతుంటే మీ సగటు ఎవరి గురించి చెబుతున్నట్టు?

పాలకొండలు (కడప)
వైద్యుడిగా ఒక మాట. జవాబు చెప్పినవారికి డబ్బివ్వడాన్ని నియమాలు అడ్డుకోవడం లేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం పోయిన కూలి, ప్రయాణ ఖర్చు ఇవ్వవచ్చు. అయితే వద్దనాలనుకునేవారిని లొంగదీసేంత మొత్తం కాకూడదు. ఎంత ఇవ్వాలో ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో నీతి నియమాలు చూసే సంఘం) ఆమోదించాలి.

నన్ను ఇంతకన్నా బాధపెట్టేది సమ్మతి. ఖమ్మం జిల్లాలో 2009లో మొదలైన హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా ఆడపిల్లలకు వేసేది) ప్రాజెక్టులో చాలామంది తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో దాన్ని నిలిపేశారు, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. పేదల బదులు ఇంకెవరో ఒప్పుకుంటే చాలనుకునే అలవాటు మనలో ఇంకా పోలేదు. సర్పంచి సరేనన్నాడు కదా అని ఇళ్లలోకి వెళ్లిపోయేవారిని ఇప్పటికీ చూస్తున్నాను.

ఇక రక్త పరీక్ష చేస్తే ఫలితం అప్పుడే చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 7 గ్రాముల కన్నా తక్కువున్న స్త్రీ వేలు గుచ్చి, అంకె రాసుకుని వెళ్లిపోవడం ఏ శాస్త్రమూ కాదు. ఆమెను ఆస్పత్రికి పంపే ఏర్పాటు చేశాకే ఆ ఇంటి గడప దాటాలి.

గణాంకం (కర్నూలు)
నల్లరేగడి గారు చెప్పిన కొలతల సంగతి బలమైనదే, కాదనను. కానీ అది పని వేళ అడగడం వల్ల వచ్చిన చిక్కు. సాయంత్రమో, పని లేని రోజో వెళ్లండి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి రెండు తెలుగు రాష్ట్రాల్లో 3,000 మంది పిల్లల జీవితాలను అనుసరిస్తోంది. అనంతపురం, కడప జిల్లాల పిల్లలూ అందులో ఉన్నారు. పసితనంలో కరవు దెబ్బ తిన్నవారు బడిలో మధ్యాహ్న భోజనంతో ఎదుగుదలలో కోలుకున్నారని ఆ వివరాలతోనే తేలింది. అన్నేళ్లు అవే తలుపులు తెరుచుకోవాలంటే నమ్మకం కావాలి.

నల్లరేగడి (కోసిగి)
సాయంత్రం ఆడవాళ్లకు ఖాళీ ఉంటుందని ఎవరు చెప్పారండీ? పొయ్యి ముందు కూర్చోబెట్టి అడగడమేగా అది. ఆ గంటన్నరకూ విలువ కట్టాల్సిందే.

పాత అధ్యాపకుడు (అనంతపురం)
ఫెలోషిప్ సరిగా అందని విద్యార్థి నెత్తిన ఈ ఖర్చు వేయకండి. ప్రయాణానికి, ముద్రణకు, కంప్యూటరుకు బడ్జెట్‌లో పద్దులున్నాయి. సమాధానం చెప్పే మనిషికే పద్దు లేదు. దాన్ని చేర్చాల్సింది విశ్వవిద్యాలయాలు, నిధులిచ్చే సంస్థలు. ఎర్రనేలా, నీ నమూనాలో ఇళ్లు తగ్గినా ఫరవాలేదు. ఉన్నవాటినే శ్రద్ధగా చెయ్యి. తేలిన విషయాలు ఆ ఊళ్లోనే తెలుగులో చదివి వినిపించు, తప్పుంటే వాళ్లే దిద్దుతారు.

ఎర్రనేల (అనంతపురం)
అలాగే చేస్తాను సార్. సమ్మతి పత్రంలో ఇలా రాస్తున్నాను: "ప్రశ్నలకు జవాబులు పూర్తయ్యాక, మీరు వెచ్చించిన సమయానికి సగం రోజు కూలి చెల్లిస్తాం. ఇది ప్రభుత్వ సాయం కాదు. దీనికీ మీ పింఛను, రేషను కార్డులకూ సంబంధం లేదు." లోపముంటే చెప్పండి.

పాలకొండలు (కడప)
"పూర్తయ్యాక" తీసేయండి. మధ్యలో లేచి వెళ్లినా మొత్తం ఇస్తామని రాయండి. లేకపోతే అప్పుల ప్రశ్న దగ్గర మనసు నొచ్చిన మనిషి కూడా డబ్బు కోసం కూర్చుండిపోతుంది.