‘ఫాదర్ అమారో నేరం’ 1876 పాఠం ఎక్కడ దొరుకుతుంది?

పోర్చుగీసు నవలాకారుడు, విమర్శకుడు ఎసా ద కైరోష్ (1845–1900) రాసిన ఈ నవల మూడు రూపాల్లో ఉంది: 1875లో పత్రికలో వచ్చింది, 1876లో పుస్తకంగా వచ్చింది, 1880లో బాగా తిరగరాసింది. నాకు కావలసింది నడిమిది.

1878లో బ్రెజిల్ రచయిత మషాదు ద అసీస్ దీన్ని ఫ్రెంచ్ నవలాకారుడు జోలాకి అనుకరణ అన్నాడు. ఆ మాట సంగతెలా ఉన్నా, నాకు గట్టిగా తగిలింది మషాదు చేసిన ఇంకో విమర్శ. కథ జరిగే లైరియా ఊళ్ళో మిగతా పాదిరీలూ ఆడవాళ్ళతో సంబంధాలు పెట్టుకునే బతుకుతుంటే, పాదిరీ అమారో ఒక్కడే భయంతో సొంత బిడ్డను చంపుకోవడం నమ్మేలా లేదన్నాడు. 1880 రూపంలో అమారో తన చేత్తో చంపడు. కార్లోటా అనే ఆవిడకి అప్పగిస్తాడు, ఆవిడ చేతికెళ్ళిన పిల్లలు బతకరు. మషాదు చదివింది పాత రూపం కాబట్టి దాన్నే పక్కన పెట్టుకుని పోల్చాలి.

మార్గరెట్ జుల్ కోస్టా ఇంగ్లీషు అనువాదం చూశాను, అది 1880దే. ఆన్‌లైన్‌లో 1876 అని పెట్టిన ఫైళ్ళు తెరిస్తే, చివర్లో బిడ్డ కార్లోటా చేతికే వెళ్తోంది. అంటే తేదీ పాతది, పాఠం కొత్తది! నా పోర్చుగీసు అంతంతమాత్రమే కాబట్టి మసక స్కాన్లతో పని జరగట్లేదు. కాపీ చేసుకోగలిగే టెక్స్ట్ ఉంటే డిక్షనరీతో లాగించగలను.

ఉచితమైనా సరే, కొనాల్సినదైనా సరే, 1876 పూర్తి పాఠం ఇండియా నుంచి ఎక్కడ సంపాదించవచ్చు?