లాబీయిస్టు పైరవీకారా, వకీలా?

ప్రశ్న: సభ్యులకు నమస్కారం. అమెరికా రాజకీయాల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. జాతీయ భద్రతా సలహాదారు పదవికి రాజీనామా చేసిన మైకేల్ ఫ్లిన్ 2017 మార్చిలో ‘ఫారిన్ ఏజెంటు’గా నమోదు చేయించుకున్నారన్న వాక్యం అందులో వస్తుంది. దాన్ని మా సహాయకుడు ‘తాను విదేశీ గూఢచారినని ఒప్పుకున్నారు’ అని రాసి తెచ్చాడు. అది తప్పని తెలుసు గానీ, ‘విదేశీ ఏజెంటు’ అన్నా చదివేవారికి అదే స్ఫురిస్తుందేమోనని నా సందేహం. అలాగే, ప్రభుత్వ నిర్ణయాలను ఒకరికి అనుకూలంగా మలచడానికి ఫీజు పుచ్చుకుని ప్రయత్నించే ‘లాబీయిస్టు’కు ‘పైరవీకారు’ సరిపోతుందా?

సమాధానం: మీ సహాయకుడిని తప్పుపట్టలేము. ఎల్‌ఐసీ ఏజెంటు, పోలింగ్ ఏజెంటు అన్నప్పుడు ఎవరికీ ఏ అనుమానమూ కలిగించని ఆ మాట, ముందు ‘విదేశీ’ చేరగానే నల్లకళ్లద్దాలు పెట్టుకుంటుంది. రష్యాలో 2012లో ఇదే పేరుతో తెచ్చిన చట్టం స్వచ్ఛంద సంస్థలకు ఆ ముద్ర వేసినప్పుడు, ఆ భాషలోనూ మాటకున్న గూఢచారి వాసనే సగం శిక్షగా పనిచేసింది. అమెరికాలో 1938 నాటి ఫారిన్ ఏజెంట్స్ రిజిస్ట్రేషన్ చట్టం పుట్టింది నాజీ ప్రచారాన్ని దృష్టిలో పెట్టుకునే అయినా, అది ఆ పనిని నిషేధించలేదు. విదేశీ ప్రభుత్వం, పార్టీ, సంస్థ లేదా వ్యక్తి తరఫున అమెరికాలో రాజకీయ ప్రయత్నాలో ప్రచారమో చేసేవారు, ఆ పనికి ఒప్పుకున్న పది రోజుల్లోగా న్యాయశాఖ వద్ద పేరు నమోదు చేసుకుని, ఒప్పందం ఎవరితో, ముట్టింది ఎంత, ఎవరి కోసం ఏం చేశారు అన్నవి బయటపెట్టాలని మాత్రమే అడుగుతుంది. 2025 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లోని మన రాయబార కార్యాలయమే నెలకు 1,50,000 డాలర్ల చొప్పున ఎస్‌హెచ్‌డబ్ల్యూ పార్ట్‌నర్స్ అనే లాబీయింగ్ సంస్థను నియమించుకున్నప్పుడు, ఆ ఒప్పందం కూడా ఈ దస్త్రాలలోకే చేరింది. ఆ కాగితాల్లో ‘విదేశం’ అంటే భారతదేశం. మీ సహాయకుడి అనువాదాన్ని అక్కడ పెట్టి చూడండి.

ఇక పైరవీ. పారసీలో ‘పై’ అంటే పాదం, అడుగుజాడ. దాని వెంట నడవడం పైరవీ. హిందీ, ఉర్దూల్లో వకీలు కోర్టులో వ్యాజ్యం నడిపినా పైరవీయే, అందులో చిన్నతనమేమీ లేదు. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట కోర్టు గది దాటి బదిలీల కాలంలో సచివాలయం వరండాలో చేరింది. ‘పైరవీ చేసి తెచ్చుకున్న పోస్టింగు’ అన్నాక ఇక వివరణ అక్కర్లేదు: అర్హత లేదని, ఎవరో చెవిలో ఊదారని, బయటకు చెప్పుకునే పని కాదని మూడు అర్థాలూ అందులోనే ఉన్నాయి. కాబట్టి లాబీయిస్టును పైరవీకారు అనేస్తే, విచారణ ఇంకా మొదలు కాకముందే అనువాదకుడు తీర్పు చెప్పినట్టవుతుంది.

2012 డిసెంబరులో మన పార్లమెంటులో జరిగిన రభస దాదాపుగా ఈ ఒక్క మాట మీదే నడిచింది. చిల్లర వర్తకంలో విదేశీ పెట్టుబడులపై ఉభయ సభల్లో ఓటింగు ముగిసిన కొద్ది రోజులకే, 2008 నుంచి లాబీయింగ్‌కు సుమారు 2.5 కోట్ల డాలర్లు, అంటే అప్పటి లెక్కలో దాదాపు 125 కోట్ల రూపాయలు, ఖర్చు చేసినట్టు వాల్‌మార్ట్ అమెరికా సెనెట్‌కు సమర్పించిన నివేదికలు బయటికొచ్చాయి. అందులో చూపిన అనేక విషయాలలో భారత విపణిలో ప్రవేశం ఒకటి. ఆ ఖర్చు అమెరికాలో, అక్కడి చట్టం ప్రకారం చేసిందేనని కంపెనీ వాదించగా, మన దగ్గర లాబీయింగ్ అంటే లంచమే, పుచ్చుకున్నదెవరో తేల్చండి అని ప్రతిపక్షం పట్టుబట్టింది. 2013 జనవరిలో ప్రభుత్వం జస్టిస్ ముకుల్ ముద్గల్‌తో ఏకసభ్య కమిటీ వేసింది. అక్కడ చట్టం కోరిన లెక్కల పత్రం ఇక్కడ నేరాంగీకార పత్రంగా కనిపించడానికి కారణం, లాబీయింగ్‌ను గుర్తించి నియంత్రించే చట్టం మనకు లేకపోవడమే. చట్టం లేని చోట వృత్తికి గౌరవమైన పేరు ఎక్కడి నుంచి వస్తుంది?

నా దృష్టిలో మనకు కావలసిన మాట ‘వకాల్తా’ దగ్గర ఉంది. మొగలుల కాలంలో వకీలు అంటే న్యాయవాది కాడు; ఒక ప్రభువు తరఫున మరొకరి దర్బారులో ఉండి, అక్కడి సంగతులు రాసి పంపుతూ, తన యజమాని పనులు చక్కబెట్టే ప్రతినిధి. అతను ఎవరి మనిషో దర్బారులో అందరికీ తెలుసు. ఈనాటికీ న్యాయవాది కోర్టులో నోరు తెరవాలంటే వకాల్తానామా దాఖలు చేయాలి. ఆ అమెరికా చట్టం అడిగేదీ వకాల్తానామానే.

మరొక సభ్యుడి అభ్యంతరం: మాట అందంగానే ఉంది గానీ, డబ్బు చేతులు మారే వ్యవహారానికి ఇంత మర్యాద ఎందుకండీ? పాఠకులకు ‘ముడుపులు’ అంటే చాలదా?

సమాధానం: ముడుపు, పాపం, వేంకటేశ్వరస్వామిది. పసుపు గుడ్డలో మొక్కుబడి నాణేలు మూటగట్టి దేవుడి గూట్లో దాచేదాన్ని, 1987లో స్వీడిష్ రేడియో బోఫోర్స్ ఫిరంగుల కొనుగోలు వార్త బయటపెట్టాక మన పత్రికలు కమీషన్లకు అంటగట్టాయి. ఇప్పుడు దాన్ని వెనక్కి తేలేము. అయితే ముడుపు పుచ్చుకునేది పదవిలో ఉన్నవాడు, లాబీయిస్టుకు ముట్టేది తన యజమాని ఇచ్చే ఫీజు. ఆ ఫీజులో కొంత అధికారి చేతికి చేరిందని రుజువైతే ముడుపు అనండి. అప్పటిదాకా ఆ రెండింటినీ కలిపేస్తే, అధికారి ఒక లాబీయిస్టును కలవడమూ అతని దగ్గర డబ్బు తీసుకోవడమూ ఒకటే అని వార్త రాసినట్టవుతుంది.

ఫ్లిన్ విషయంలోనైతే చిక్కు కాలానిది. టర్కీ వ్యాపారికి చెందిన ఒక నెదర్లాండ్స్ కంపెనీ ఆయన సంస్థకు 5,30,000 డాలర్లు చెల్లించింది. పని జరిగింది 2016లో, ఆయన ట్రంప్ ప్రచారానికి సలహాదారుగా ఉన్న నెలల్లో. నమోదు జరిగింది మరుసటి ఏడాది మార్చి 7న, పదవి పోయాక. అందుకని ప్రశ్న అడిగిన మిత్రులకు నా సూచన ఇది: ‘టర్కీకి మేలు చేసేదిగా భావించదగిన పనికి తన సంస్థ వకాల్తా పుచ్చుకుందని ఫ్లిన్, పని ముగిసిన కొన్ని నెలలకు, అమెరికా న్యాయశాఖ వద్ద నమోదు చేయించారు.’ వాక్యం కొంచెం పొడవైంది. శీర్షికలో చోటు లేకపోతే ‘టర్కీ తరఫు ప్రతినిధిగా ఫ్లిన్ ఆలస్యపు నమోదు’ అని పెట్టుకోండి.