అమ్మ మంచం దగ్గర సిగ్నల్ లేదు, మీటింగులు ఎలా?

ప్రశ్న:
అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. మూడు వారాలు తన దగ్గరే ఉండి పని చేసుకుంటానని ఆఫీసులో అడిగి వచ్చాను. ఇంట్లో వైఫై లేదు, నా ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. అమ్మ పడుకునే లోపలి గదిలో ఒక్క గీత ఉంటుంది, అదీ వచ్చి పోతుంటుంది. నిన్న మీటింగులో నేను మాట్లాడుతుండగానే మూడుసార్లు కట్ అయింది. మేడ మీద బాగానే వస్తుంది కానీ అమ్మ పిలిస్తే వినపడదు. తన పక్కన ఉండడానికే కదా వచ్చాను! ఆ గదిలోనే కూర్చుని పని జరిగే దారి ఏమైనా ఉందా?

జవాబు 1:
ఫోనూ లాప్‌టాపూ ఒకే చోట ఉండక్కర్లేదండీ. సిగ్నల్ బాగా అందే కిటికీలో ఫోన్ పెట్టి, మీరు లోపల కూర్చోండి. హాట్‌స్పాట్ సెట్టింగుల్లో బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్ అని ఉంటే 2.4కి మార్చండి. వేగం కొంత తగ్గినా గోడలు దాటి వస్తుంది. కిటికీ వెతికేటప్పుడు గీతల్ని నమ్మొద్దు. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగుల్లో సిమ్ స్టేటస్‌లో డీబీఎం అంకె కనిపిస్తుంది, అది సిగ్నల్ బలానికి కొలత, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. 4జీలో మైనస్ 90 దగ్గరుంటే హాయిగా పని చేసుకోవచ్చు, మైనస్ 110 దాటితే కష్టం. ప్రతి కిటికీ దగ్గరా ఒక నిమిషం ఆగి చూడండి, రెండడుగులు జరిగినా అంకె మారుతుంది. ఛార్జర్ పెట్టే ఉంచండి, ఎండ మాత్రం తగలనివ్వకండి.

జవాబు 2:
నాన్నని చూసుకుంటూ నేనూ ఇలాగే పని చేశాను. వీడియో ఆపేయండి. మాటకి 100 కేబీపీఎస్ (సెకనుకి 100 కిలోబిట్ల) వేగం కూడా అక్కర్లేదు, వీడియోకి దానికి ఎన్నో రెట్లు కావాలి. మీటింగు ఆహ్వానంలో ఫోన్ నంబరు ఇచ్చారేమో చూడండి, ఉంటే మామూలు కాల్ చేసి చేరిపోవచ్చు. అయితే ఫోన్‌లో వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ నడిపే సదుపాయం, ఆన్‌లో ఉండాలి. లేకపోతే కాల్ మాట్లాడినంతసేపూ 4జీ పోయి హాట్‌స్పాట్ ఆగిపోవచ్చు, లేదా బాగా నెమ్మదించవచ్చు. పరిస్థితి ఇదీ అని మీ మేనేజరుకి ముందే చెప్పండి. నేను చెప్పకుండా దాచి వారం రోజులు నలిగిపోయాను.

జవాబు 3:
లాప్‌టాప్ మీ హాట్‌స్పాట్‌ని మామూలు వైఫై అనుకుని అప్‌డేట్లు లాగేస్తుంటుంది. విండోస్ అయితే ఆ నెట్‌వర్క్‌ని మీటర్డ్ కనెక్షన్‌గా (డేటా పొదుపుగా వాడేలా) పెట్టండి, ఫొటోల బ్యాకప్ ఆపండి. పెద్ద ఫైళ్ళు తెల్లవారుజామున దించుకుంటే టవర్ మీద రద్దీ తక్కువ. 5జీ వచ్చి పోతుంటే 4జీకే పరిమితం చేయండి, కొంచెం నెమ్మదైనా నిలకడగా ఉంటుంది.

ప్రశ్న వేసినవారు:
అందరికీ ధన్యవాదాలు. అమ్మ గదిలో మైనస్ 114, వంటగది కిటికీలో మైనస్ 96! ఫోన్ అక్కడ పెట్టి 2.4కి మార్చాను. వీడియో లేకుండా ఇవాళ నలభై నిమిషాల మీటింగు ఒక్కసారీ ఆగలేదు. మధ్యలో అమ్మ నీళ్ళు అడిగితే మ్యూట్ చేసి ఇచ్చాను. శుక్రవారం మాత్రం వీడియో తప్పదంటున్నారు. ఆ గంటా అమ్మ నిద్రపోయే వేళకి మార్చమని అడిగాను, జవాబు ఇంకా రాలేదు.